తుపాకీ విల్లు మీద మూడు పేజీల రిపోర్టు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో ఒకటుందని ఎవరైనా అంటే వాళ్ళవైపు జాలిగా చూసేదాన్ని. ఇరవై రెండేళ్ళ వయసు, దువ్వాడ కాలేజీలో అప్పుడే పూర్తయిన మెకానికల్ డిప్లొమా, పైగా నాన్న వాడి పక్కన పెట్టిన, కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్సు నా హ్యాండ్‌బ్యాగులో. ఇవన్నీ ఒకేచోట చేరిన మనిషికి వినయం ఎక్కణ్ణుంచి వస్తుంది? నాన్న ఉక్కు కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేసేవారు. మాది గోదావరి జిల్లా. ఆ ఉద్యోగం కోసమే ఉక్కునగరం క్వార్టర్స్‌కి వచ్చి అక్కడే పాతుకుపోయాం. నాన్న డ్యూటీ దిగి వచ్చి భోజనం చేస్తూ "ఇవాళ ఓ లాటు మొత్తం పనికిరాదని వెనక్కి కొట్టేశాను" అని చెబుతుంటే నాకు ఒళ్ళు పులకరించేది. నేనూ పెద్దయ్యాక దేన్నో ఒకదాన్ని తిప్పి చూసి, కళ్ళు చికిలించి, వెనక్కి కొట్టేయాలని గట్టిగా అనుకున్నాను.

నాకు దొరికిన మొదటి ఉద్యోగంలో వెనక్కి కొట్టడానికి ఇనుము లేదు. ఉక్కునగరం వెనకవైపు సముద్రానికి పోయే దారిలో, కొండ వాలులో ఒక సాహస క్రీడల పార్కు ఉండేది. తాడుకి వేలాడుతూ ఈ కొస నుంచి ఆ కొసకి జారిపోవడం, కృత్రిమ గోడ ఎక్కడం, బాణాలు వేయడం వంటివన్నీ అందులో ఉండేవి. పరికరాల భద్రత చూసుకోవడానికి నన్ను తీసుకున్నారు. యజమానిని అందరూ కెప్టెన్ గారనేవారు. (ఆయన ఏ ఓడకీ కెప్టెన్ కాదు. పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీద ఇంజను చూసుకుని రిటైరైన కృష్ణా జిల్లా మనిషి. కానీ తెల్ల టోపీ పెట్టుకుని బైనాక్యులర్ మెళ్ళో వేసుకుని తిరిగే మనిషిని ఇంకేమని పిలుస్తారు?) చేరిన వారం రోజులకే నాకు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టారు. అది వెక్కిరింపని నాకు చాలాకాలం దాకా తెలియలేదు.

ఆ పార్కులో ఉన్నవాటన్నిటిలోకీ గొప్పది క్రాస్‌బో. తుపాకీలాంటి కర్రపిడికి ముందు అడ్డంగా విల్లు బిగించి ఉంటుంది. నారిని వెనక్కి లాగి కొక్కేనికి తగిలించి, బాణం పెట్టి, ట్రిగ్గర్ నొక్కితే ముప్ఫై అడుగుల దూరంలో ఉన్న గడ్డిమోపులో దిగబడుతుంది. దాన్ని చూసుకునేది యలమంచిలి బాబాయి. యలమంచిలి పక్కన ఒక పల్లెలో వ్యవసాయం చేసి, మోకాళ్ళు మొరాయిస్తే మానేసి, రోజూ పొద్దున్నే రైల్లో దువ్వాడ దిగి వచ్చేవాడు. క్రాస్‌బో అనడం ఆయనకు నచ్చేది కాదు, తుపాకీ విల్లు అనేవాడు. వచ్చినవాళ్ళకి నారి తనే లాగి ఇచ్చేవాడు. గురి తప్పినవాళ్ళని కూడా "గాలి అడ్డొచ్చీసింది బాబూ, నేపోతే తగిలీసును" అని సంతోషపెట్టి పంపేవాడు.

నేను చేరిన నాలుగో నెలలో, ఒక శనివారం పొద్దున్న, బాబాయి తుపాకీ విల్లుని రెండు చేతుల మీదా పెట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు.

"ఇదేటమ్మా ఇలాగైపోనాది? ఎంటికల్లాగ గీతలు పడిపోనాయి, సూడు."

చూశాను. విల్లు కుడి బద్ద మీద, నల్లటి ఫైబర్‌లో, పొడుగునా సన్నటి తెల్లగీతలు. అంచున ఒకచోట పెచ్చు లేచి ఉంది. నారి మధ్యలో చుట్టిన దారం కూడా వదులై పోగులు పోగులుగా ఊడుతోంది. ఎడమ బద్ద మాత్రం కొత్తదానిలా ఉంది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదు, ఆనందం. ఎన్నాళ్ళకి దొరికింది తనిఖీ చేయదగ్గ వస్తువు! "ఎవరూ ముట్టుకోవద్దు" అని అరిచి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద పడుకోబెట్టి, భూతద్దం తీశాను. దూది ఉండతో బద్ద మీద మెల్లగా రుద్దాను. పెచ్చు లేచిన చోట దూది పోగులు పట్టుకుని ఆగిపోయాయి. (ఈ ఉపాయం నేను కనిపెట్టాననే చాలారోజులు అనుకున్నాను.) ఇక దాన్ని వాడకూడదని ఎర్ర చీటీ కట్టాను. అదొక్కటే ఆ రోజు నేను చేసిన సరైన పని.

తర్వాత విచారణ మొదలుపెట్టాను. ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఎదురుగా నేను కూర్చుని, ఒక్కొక్కర్నీ పిలిచాను. తాడు జారుడు చూసుకునే కుర్రాయన్ని తాడు బావ అనేవారు. మగవాళ్ళందర్నీ బావా అనీ ఆడవాళ్ళందర్నీ చెల్లీ అనీ పిలిచే మనిషి.

"నాను తాడు తప్ప ఇంకేటీ ముట్టను సెల్లీ. ఉడతల్ని అడుగు. మొన్న నా సెప్పు సగం కొరికీసినాయి" అన్నాడు.

ఉడతల్ని విచారించే వీలు లేదు కాబట్టి పంటిగాట్ల కోసం వెతికాను. లేవు. సముద్రపు ఉప్పుగాలి అనుకుందామా అంటే, ఉప్పుగాలి కుడి బద్దని తిని ఎడమ బద్దని వదలదు. ఎండ కూడా అంతే. ఇక మిగిలింది బాబాయి. "ఎప్పుడైనా చెయ్యి జారిందా బాబాయ్, దాచొద్దు" అని మెత్తగా అడిగాను.

ఆయన మొహం చిన్నబోయింది. "నాను పడేత్తే పడేసినానని సెప్పీసేవోణ్ణమ్మా. నాకు భయమేటి? అన్నేళ్ళు నాగలి దున్నినాను, దాన్నే ఇరగ్గొట్నేదు. ఈ బొమ్మని ఇరగ్గొడతానేటి?"

ఇంతా విని నేను మూడు పేజీల రిపోర్టు రాశాను. రెండు బొమ్మలు కూడా గీశాను. ఉప్పుగాలి కాదు, ఎండ కాదు, ఉడత కాదు అని ఒక్కొక్కదాన్నీ కొట్టేసుకుంటూ వచ్చి, చివర్లో "ఎత్తు నుంచి కింద పడటం వల్ల జరిగి ఉండవచ్చు" అని ముగించాను. ఎవరు పడేశారో రాయలేదు. పెద్దమనిషి తరహాలో ఉండాలి కదా! కెప్టెన్ గారు టోపీ సర్దుకుని, మొదటి రెండు పేజీలు తిప్పేసి, ఆ ఒక్క వాక్యం చదివారు. ఆయనకి తెలిసి ఆ విల్లుని ఎత్తి దించే మనిషి పార్కులో ఒక్కడే. మధ్యాహ్నానికల్లా బాబాయిని పిలిచి, "నీకు వయసైపోతోందయ్యా, చేతులు వణుకుతున్నాయి. రేపట్నుంచి గేటు దగ్గర కూర్చో. అక్కడా కుదరకపోతే చూద్దాం" అన్నారు.  బాబాయి మెళ్ళో ఉన్న విజిల్ తీసి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.  రిపోర్టు పనిచేసినందుకు నాకు లోపల ఒక మూల గర్వంగానే ఉంది. ఇప్పుడు తల్చుకుంటే ఆ మూల నాకు నచ్చదు.

సాయంత్రం ఆ రిపోర్టు నకలు నాన్నకి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మూడు పేజీలూ ఓపిగ్గా చదివారు. పొగుడుతారేమోనని పక్కనే నిలబడ్డాను.

"బొమ్మలు బాగా గీశావే. మరి దాని పుస్తకం ఏం చెప్పింది?" అన్నారు.

"ఏ పుస్తకం?"

"కంపెనీవాడు ఇస్తాడుగా. ఏ మిషనుకైనా ముందు అదే అడగాలి. తర్వాతే మనుషుల్ని అడగాలి" అని కాయితాలు నా చేతిలో పెట్టి, పెరుగన్నం కలుపుకున్నారు.

మర్నాడు కెప్టెన్ గారి బీరువాలో ఆ పుస్తకం దొరికింది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నాలుగో పేజీలో ఎర్రటి త్రికోణం, దాని కింద బాణం లేని విల్లు బొమ్మ, ఆ బొమ్మ మీద పెద్ద ఇంటూ మార్కు. బాణం పెట్టకుండా ఎప్పుడూ ట్రిగ్గర్ నొక్కకూడదు, బాణాన్ని తోయాల్సిన బలమంతా తిరిగి బద్దల్లోకే పోతుంది, రెండిట్లో ఏది బలహీనమైతే అది ముందు దెబ్బతింటుంది, తెల్లగీతలు పడటానికీ పెచ్చులు లేవడానికీ నారి పోగులు ఊడటానికీ ముఖ్య కారణం అదే అని రాసి ఉంది. దూది ఉండతో చూడమని కూడా ఆ పక్కనే ఉంది.

ఆ పేజీ మళ్ళీ మొదట్నుంచీ చదివాను. ఎందుకంటే నేను చేరిన రోజు నుంచీ, పార్కు మూసే ముందు, తుపాకీ విల్లుని నా చేత్తో పరీక్షించేదాన్ని. నారి లాగడం, కొక్కేనికి తగిలించడం, ట్రిగ్గర్ నొక్కడం. రోజుకి ఐదుసార్లు. బాణం ప్రమాదకరం కాబట్టి, జాగ్రత్త కొద్దీ, బాణం పెట్టకుండా! ఆపైన రిజిస్టర్లో "సక్రమంగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టేదాన్ని. సెలవు రోజులు తీసేసి లెక్క వేసుకుంటే ఐదు వందలు దాటింది. అన్నేసిసార్లు నా చేత్తో నేనే కొట్టి, సక్రమంగా ఉన్నదని సంతకం పెట్టి, చివరికి ఉడతల్ని కూడా అనుమానించాను.

ఒక్క అరగంట, ఆ పుస్తకాన్ని మళ్ళీ కవర్లో పెట్టేద్దామా అనిపించింది. ఎవరికీ తెలియదు. చదివేవాళ్ళూ లేరు. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర బాబాయి కర్ర కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అంత దూరం నుంచి ఆయన భుజాలు బాగా వంగిపోయినట్టు కనిపించాయి. పుస్తకం చంకలో పెట్టుకుని కెప్టెన్ గారి గదికి వెళ్ళి, రెండో రిపోర్టు ఇచ్చాను. ఈసారి ఒక్కటే వాక్యం.

ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. టోపీ తీసి బల్లమీద పెట్టారు. "అంటే... చెకింగ్ చేసి చెకింగ్ చేసి విరగ్గొట్టావన్నమాట" అన్నారు. తలూపాను. ఆయన పొట్ట కదలడం మొదలైంది. నవ్వు ఆపుకోలేక దగ్గొచ్చి, నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఒక్కసారిగా గంభీరమైపోయారు. "ఆ బద్ద జనం మధ్యలో పేలి, ఎవరి కంట్లోనో గుచ్చుకుంటే ఏం చేసేవాళ్ళమమ్మా?" నాకు ఏడుపొచ్చేసింది. "ఏడవకు. ఎర్ర చీటీ కట్టి ఆపింది కూడా నువ్వేగా. ముందు గేటు దగ్గరికి వెళ్ళు. ఆ పెద్దాయనకి నేనూ ఓ మాట చెప్పాలి. నీ తర్వాత నేనొస్తా" అన్నారు.

గేటు దాకా నడిచేసరికి చెప్పాలనుకున్న మాటలన్నీ మర్చిపోయాను. "బాబాయ్, మీరు పడేయలేదు. అది..." అన్నాను.

"నువ్వు కొట్టినావు. తెలుసమ్మా" అన్నాడు బాబాయి.

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"మొదట్నించీని. బాణమెట్టి కొడితే 'తప్'మంటది. నువ్వు సాయంకాలం ఉత్తినే కొడితే 'ఠాప్'మని అరిసీది పాపం. ఉత్తినే ఎందుకు కొడతన్నావమ్మా అని నిన్ను అడిగినాను కూడా. నువ్వు నన్ను కూకోబెట్టి ఇంగిలీసులో ఏటేటో సెప్పీసినావు. సదువుకున్న పిల్ల, మనకేటి తెలుసని ఊరుకున్నాను. గీతలు పడిపోనాక, నీకే తెలుస్తాదని నీ కాడికి ఎత్తుకొచ్చినాను."

అప్పుడు గుర్తొచ్చింది. ఫంక్షనల్ టెస్ట్ అంటే ఏమిటో ఆయనకి పది నిమిషాలు క్లాసు పీకాను. ఆయన చివరిదాకా విని "అలాగేటి" అన్నాడు కూడా. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"మరి కెప్టెన్ గారు అడిగినప్పుడు ఆ మాట చెప్పొచ్చు కదా బాబాయ్? మీ మీద వేసుకున్నారెందుకు?"

"సెప్తే నీ ఉజ్జోగం పోద్ది కదా. కొత్తగా వొచ్చిన పిల్లవి. కోపం రానేదని సెప్పను. నువ్వు అలాగ అడిగినాక రాత్రి కూడు తిన్నేదు నాను." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అయినా నాకేటి పోనాది? గేటుకి ఏసినారు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఫేనుంది తల్లీ."

ఏడుస్తూ నవ్వడం అంటే ఏమిటో ఆ గేటు దగ్గరే నాకు తెలిసింది. ఈలోగా కెప్టెన్ గారు వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, "పొరపాటైందయ్యా. రేపట్నుంచి నీ విల్లు దగ్గరికి నువ్వు వచ్చేయ్" అన్నారు. బాబాయి ససేమిరా అన్నాడు. "వొద్దు బాబూ. మళ్ళీ ఆ ఎండలోకేటి? నాను రాను. ఆ పిల్లనే నిలబెట్టండి, ఇప్పుడు దానికి బాగా తెలుసు."

అలాగే జరిగింది. పాత బద్దల్ని మళ్ళీ ఎవరూ వాడకుండా రంపంతో నడిమికి కోయించాం. కొత్త జత రావడానికి మూడు వారాలు పట్టింది. పుస్తకం ఎదురుగా తెరిచి పెట్టుకుని, ఒక్కో వాక్యం చదువుతూ ఒక్కో మర బిగించాను. బాబాయి పిడి కదలకుండా పట్టుకున్నాడు. దూదితో రెండు బద్దలూ చూశాం, ఎక్కడా పట్టలేదు. మొదటి బాణం ఆయన్నే వేయమన్నాను. మోకాలు కాస్త వంచి, ఒక కన్ను మూసి, కొట్టాడు. 'తప్'మంది. గడ్డిమోపు మీది పసుపు వృత్తం నడిమధ్యన దిగింది. "గాలి అడ్డురానేదు" అని విల్లు నా చేతికిచ్చి, మళ్ళీ తన ఫ్యాను కిందకి వెళ్ళిపోయాడు. ఆ వేసవంతా నేను ఎండలో నిలబడి నారి లాగాను. ఇంట్లో అమ్మ నన్ను గుర్తుపట్టడానికి దగ్గరికొచ్చి చూడాల్సినంత నల్లబడ్డాను. కానీ అంత హాయిగా పనిచేసిన రోజులు తర్వాత ఎన్నో లేవు. పన్నెండు గంటలకి గేటు వైపు నుంచి "ఇన్‌స్పెక్టరమ్మా, కూడు తిందువు రా" అని కేక వినిపించేది. అందులో వెక్కిరింపుందని అప్పటికి నాకు తెలుసు. వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, ఆయన తెచ్చిన ఎండుచేపల కూర సగం నేనే తినేసేదాన్ని.

ఇప్పుడా పార్కు లేదు. ఆ కొండ వాలులో ప్లాట్లు వేశారు. నేను ఒక ఫ్యాక్టరీలో నాణ్యత విభాగం చూసుకుంటున్నాను. నా కింద పనిచేసేవాళ్ళు మొహం చిట్లించుకుని మరీ పుస్తకాలు చదువుతారు, నేను చదివిస్తాను కాబట్టి. మొన్న ఒకమ్మాయి, కొత్తగా చేరింది, నా తప్పు ఒకటి పట్టుకుని పదిమందిలో పది నిమిషాలు నాకు విడమర్చి చెప్పింది. చెప్పింది పూర్తిగా తప్పు. ఆపుదామని నోరు తెరిచాను. ఆ కళ్ళలో మెరుపు చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని, చివరిదాకా విన్నాను.

"అలాగేటి" అన్నాను బాబాయి యాసలో, ఉక్కునగరంలో పెరిగిన గోదావరి పిల్లనైన నేను. ఆ అమ్మాయి, నేనెందుకు నవ్వుతున్నానో అర్థంకాక, నావైపు కాస్త జాలిగా చూసింది.