చప్టా కింది ఇసుక

విశ్వాసం రోడ్డు గ్యాంగులో కూలీ. అర్ధవీడు నుంచి కంభం పోయే దారిలో, వాగుకు అడ్డంగా బండలు పరిచి కట్టిన చప్టాను పదకొండేళ్లుగా కనిపెట్టుకుని ఉన్నాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, కొత్త జీపులొచ్చాయి, ఓవర్సీర్లు మారారు. చప్టాకు మాత్రం విశ్వాసమే దిక్కు.

రాష్ట్రం ఏర్పడిన మరుసటేడు వానాకాలంలో వాగు పొంగి ఒక పగలంతా చప్టా మీదుగా పారింది. దిగువ అంచున దూకిన నీరు సాఫీగా పోలేదు. గిర్రున సుడి తిరిగి, వెనక్కి మళ్లి, అడుగు ఇసుకను తోడి పారేసింది. విశ్వాసం అక్కడ వెదురు గెడ దింపి చూస్తే రెండు నిలువుల లోతు తగిలింది. నీళ్లు పునాది కిందికి జొరబడ్డాయని అతనికి అర్థమైంది.

తెల్లారేసరికి వరద తీసింది. జోరు తగ్గిన నీళ్లు ఇసుకను మొయ్యలేవు, దించేస్తాయి. అట్లా దించిన ఇసుకతోనే ఆ గుంట నిండిపోయి, నిన్న ఏమీ జరగనట్టు చదునుగా కనిపిస్తోంది.

ఏడున్నరకు బస్సు వచ్చి గట్టున ఆగింది. అందులో విశ్వాసం కూతురు లీదియా ఉంది. తొమ్మిదింటికి కంభంలో టీచరు ట్రైనింగుకు ఇంటర్వ్యూ. ఆ ఇంట్లో బడి గడప దాటి పైకి చదివింది ఆ పిల్ల ఒక్కతే.

ఓవర్సీరు ప్రకాశరావు అంచున నిలబడి గొడుగు మొనతో ఇసుకను రెండు పోట్లు పొడిచాడు. ఆయన పరీక్ష అంతటితో అయిపోయింది.

"గట్టిగానే ఉంది. పోనీవయ్యా," అన్నాడు డ్రైవరు మస్తానయ్యతో.

విశ్వాసం పరుగున వచ్చి బస్సుకు ఎదురుగా చప్టా మీద కూర్చున్నాడు.

"వద్దయ్యా. కింద డొల్లగా ఉండాది. నిన్న రెండు నిలువులు తెగింది."

"ఇంజనీరు పని నీకెవడిచ్చాడురా? లే! లేవకపోతే రేపటినుంచి పనికి రాకు."

లీదియా కిటికీలోంచి తల బయటపెట్టింది. "నాయనా, లెయ్యి! ఈ పొద్దు తప్పితే మళ్లీ ఏడాదే. నా బతుకు నీకు పట్టదా ఏంది?"

ఆ మాట విశ్వాసానికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అయినా వెనక్కి తగ్గలేదు. లేచి అంచుకు పోయి, ఇసుకలో గునపం నిలబెట్టి ఒక్క తోపు తోశాడు. గునపం సర్రున పిడికిలి దాకా దిగిపోయింది. ఇంకో తోపుకు చేతిలోంచే జారి ఇసుకలో మాయమైంది.

ప్రకాశరావు ముఖం ఎర్రబడింది. "మెత్తగా ఉంటే ఏం? పైన బండలున్నాయి!" అంటూ తనే గొడుగు ఊపుకుంటూ చప్టా దాటి అవతలికి పోయి నిలబడ్డాడు. ఆయన బరువెంత, బస్సు బరువెంత! మస్తానయ్య మాత్రం స్టీరింగు మీద చెయ్యి వేసి ఎటూ తేల్చుకోలేక కూర్చున్నాడు.

అప్పుడు లీదియా బస్సు దిగింది. ఆ వెనకే ఒకరొకరుగా జనమంతా దిగారు. మస్తానయ్య ఇంజను ఆపేశాడు.

"కంభం ఎంత దూరం నాయనా?"

"ఆరు మైళ్లు."

"నడుద్దాం పా."

ఎగువన రాతి మీదుగా వాగు దాటి, తండ్రీ కూతురూ బురదలో పరుగులాంటి నడక నడిచారు. చేరేసరికి పదిన్నర. పేర్లు పిలవడం ఎప్పుడో అయిపోయింది. లీదియా మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఓదార్చే మొహం లేక విశ్వాసం దూరంగా నిలబడ్డాడు. తనది పిరికితనమేమోనన్న అనుమానం తిరుగుదారి పొడుగునా అతన్ని పీక్కుతింది.

పొద్దు వాలేటప్పటికి వాగు చేరారు. మధ్యాహ్నం మళ్లీ కాస్త నీరు వచ్చిందట. చప్టా నడిమి బండలు బస్సు పట్టేంత మేర కూలి ఇసుకలోకి దిగిపోయి ఉన్నాయి. గట్టున రాయి మీద ప్రకాశరావు ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"మీ అమ్మాయికి సీటొచ్చిందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"లేదయ్యా. ఆలస్యమైంది."

లీదియా ఆ గండి అంచు దాకా పోయి లోపలికి తొంగి చూసింది.

"పొద్దున బస్సులో ఎంతమందిమి ఉన్నాము నాయనా?"

విశ్వాసం కళ్లు తుడుచుకున్నాడు. "ఏమో తల్లీ. నాకు నువ్వొక్కదానివే కనపడినావు."