రోమ్‌లో మధ్యాహ్నం, మైలాపూరులో పొద్దున

భూమి ఎటు తిరుగుతుందో తెలియకుండానే ఫిజిక్సు డిగ్రీ చదివినవాణ్ణి ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ తెలివితోనే మా సరోజత్త పరువును రోమ్ నగరం దాకా మోసుకెళ్ళి టైబర్ నదిలో కలిపాను. ఎలాగో చెప్తాను, నవ్వుకోండి. నేనేమీ అనుకోను.

మద్రాసు ఇంకా చెన్నై కాని రోజులు. మైలాపూరు ఇంట్లో అవ్వ, అత్త, నేను ఉండేవాళ్ళం. అత్త ఇరవై ఏళ్ళుగా కోడంబాక్కం స్టూడియోల్లో సినిమా పాటలకు వీణ వాయిస్తోంది గానీ, ఒక్క క్యాసెట్టు అట్ట మీద కూడా ఆమె పేరు పడలేదు. అలాంటి ఆమెకు రోమ్ నుంచి పిలుపొచ్చింది. ఆమె దగ్గర వీణ నేర్చుకుని వెళ్ళిన లూచియా అక్కడి రేడియోలో పనిచేస్తోంది. ఆదివారం తమ మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ చేస్తామని, ఎత్తగానే అత్త పేరు చెప్పి నేరుగా ప్రసారంలో కలిపేస్తామని, పలకరింపులేవీ లేకుండా వాయించడం మొదలుపెట్టాలని చెప్పింది. రెండు ఊళ్ళకీ నాలుగున్నర గంటల తేడా అని కూడా చెప్పింది. ఎవరు ముందో చెప్పలేదు.

"వాళ్ళ పన్నెండంటే మనకెంతరా?" అని అత్త నన్నడిగింది.

నేను వంటింట్లోంచి దబ్బకాయ తెచ్చాను. టార్చిలైటు అవ్వ చేతికిచ్చి ఆమెను సూర్యుణ్ణి చేశాను. కుంకంతో దబ్బకాయ మీద రెండు ఊళ్ళూ గుర్తుపెట్టి, మహా గంభీరంగా తిప్పాను. తిప్పాల్సిన వైపు కాక రెండో వైపు తిప్పాను. సూర్యుడు ముందు రోమ్‌లో ఉదయించి, ఆనక తీరిగ్గా మైలాపూరు వచ్చాడు. పొద్దున ఏడున్నరకి ఫోనొస్తుందని తీర్పు చెప్పాను. అత్త నమ్మింది. చదువుకున్న మేనల్లుడు మరి.

ఆదివారం పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, వీణ శ్రుతి చేసుకుని ఫోన్ పక్కన కూర్చుంది. రేడియోలో చీర కనపడదు గదా అంటే, వినేవాళ్ళకి తెలుస్తుందిలే అంది. వీధిలోవాళ్ళు వచ్చి చాపల మీద సర్దుకున్నారు. ఫోన్ మాత్రం రాయిలా కూర్చుంది. తొమ్మిదయ్యేసరికి ఒక్కొక్కరే అత్తను ఓదార్చి లేచిపోయారు. ఆమె చీర మార్చుకుని, మధ్యాహ్నం కోడంబాక్కంలో రికార్డింగుకు బయల్దేరింది. వీణ మోస్తూ వెనకాల నేను. ఇటలీవాళ్ళకు మాట నిలకడ లేదని దారి పొడుగునా తిట్టాను.

చీకటి పడే వేళకి తిరిగొస్తే అవ్వ మహా సంతోషంగా ఉంది. మా వీధికి తణ్ణి లారీ, అదే నీళ్ళ లారీ, వచ్చి మూడు దినాలైంది. ఎప్పుడొస్తుందో ఫోన్ చేసి చెప్తామన్న లారీవాళ్ళు ఆ రోజు చేశారట.

"నాలుగున్నరకి చేసినారు. నేను ఇడిచిపెట్టలా," అంది అవ్వ. "ఈడ బిందెలెండిపోయి ఉండాయి, ఆడ మీ ఆడోళ్ళు స్నానం లేకుండానే ఉండారా అని గుక్క తిప్పుకోకుండా అడిగేసినా. ఒక్కడన్నా ఎదురు మాట్లాడితేనా. కడాన చప్పట్లు కూడా కొట్టినారు."

అత్త నెమ్మదిగా నా వైపు తిరిగింది. "చప్పట్లు కొట్టే లారీవాళ్ళు ఎవరురా?"

నేను మనసులో నాలుగున్నరను ఈసారి తీసెయ్యకుండా పన్నెండుకు కూడి చూసుకున్నాను. సాయంత్రం నాలుగున్నరే తేలింది.

అంతలో లూచియా ఫోన్ చేసింది. నా క్షమాపణలు వినిపించుకోనేలేదు. అత్త పేరు చెప్పి కలిపితే వీణకు బదులు ఎవరిదో కంచు గొంతు వినపడిందట. తనకొచ్చిన కాస్త తెలుగులో బిందెలు అన్న మాట దొరకబుచ్చుకుని, ఇది ఆడవాళ్ళు వాన కోసం పాడే పాత పాట అని అప్పటికప్పుడు శ్రోతలకు చెప్పేసిందట. స్టూడియోలో అందరూ కదిలిపోయారట. వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తాం, ఈసారి వీణ కూడా ఉండాలి, అంది.

నన్ను చంపేస్తుందనుకున్న అత్త గోడకానుకుని కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

మరుసటి ఆదివారం సాయంత్రం ఆమె వాయించింది. వాయించే ముందు, లూచియా తన పేరు పలకడం రిసీవరుకు చెవి ఆనించి వింది. అంతా అయ్యాక, "నా పేరు చెప్పినారురా," అంది, అంతే. నా పాపం కరిగిపోయిందనుకున్నాను.

అప్పుడే లూచియా మళ్ళీ లైన్లోకి వచ్చి, శ్రోతలు ఆ పెద్ద గాయని కోసం కాచుకుని ఉన్నారంది. ఆపే లోపలే అవ్వ రిసీవరు లాక్కుని, గొంతు సవరించుకుని అడిగింది: "ఏమబ్బా, రేపన్నా వస్తాదా లారీ?"

రోమ్‌లో మళ్ళీ చప్పట్లు.

అందుకే సూర్యచంద్రుల సాక్షిగా నేనొక ఒట్టు పెట్టుకున్నాను. ఎవరైనా టైమెంత అని అడిగితే వాచీ ఉన్న చెయ్యి వాళ్ళ ముందుకు చాపుతాను. చూసుకోవడం వాళ్ళ పని. నోరు మాత్రం విప్పను.