తడి టవల్లో వేరుశనగ ఆకులు

పోయిన నెల అనంతపురంలో ఒక పెళ్లి విందులో నా చేతికి పొగ బిస్కెట్లు ఇచ్చారు. మీరూ చూసే ఉంటారు. కాగితపు గిన్నెలో నాలుగు బిస్కెట్లు వేసి, వాటిమీద ద్రవ నత్రజని పోస్తారు. తెల్లటి పొగ గిన్నె అంచు దాటి మణికట్టు మీదుగా కిందికి జారుతుంది. వాసన ఉండదు, తడి ఉండదు, చల్లదనమే. అందరూ ముక్కులోంచి పొగ వదులుతూ ఫోటోలు దిగుతుంటే, నేను గిన్నె పట్టుకుని ఒక స్తంభం పక్కకు వెళ్లి నిలబడ్డాను. ఈ తమాషాను మా జిల్లాలో మొదట చేసి చూపినవాణ్ణి బహుశా నేనే. ఆ ఘనతను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకునే ఘనత కాదు.

పదిహేనేళ్ల కిందట నేను వసుంధర మేడం దగ్గర పరిశోధక విద్యార్థిగా ఉండేవాణ్ణి. ఆమె అణుజీవశాస్త్రవేత్త. నీళ్లు అందనప్పుడు వేరుశనగ ఆకులోని కణాలు తమ జీవక్రియను ఎలా సర్దుకుంటాయి, ఏ ప్రొటీన్ల తయారీ మానేస్తాయి, ఏవి కొత్తగా మొదలుపెడతాయి అన్నది ఆమె జీవితమంతా అడిగిన ఒకే ప్రశ్న. పెద్ద నగరాల నుంచి పిలుపులు వస్తే, "కరువును ఈడ పెట్టుకోని ఆడికి పోయి ఏం చూడాలప్పా?" అనేవారు. పొట్టి మనిషి. చేతి గడియారాన్ని ముంజేతికి లోపలివైపు కట్టుకునేవారు. ఏ పని మొదలుపెట్టినా చేయి తిప్పి టైము చూసి, పుస్తకంలో రాసిన తరువాతే పని. నాకేమో ప్రొటీన్ సంశ్లేషణ కన్నా సంభాషణ బాగా వచ్చేది. ఆమె దాన్ని గమనించకపోలేదు, వదిలేశారంతే.

మొదటి రోజే నాకు ఆమె పాఠం వంటింటి భాషలో చెప్పారు. "శ్రీనివాసులూ, నీళ్లు లేవని చెట్టు పొయ్యి ఆర్పేయదు. సెగ తగ్గిస్తాది. దేన్ని వండాల, దేన్ని మానుకోవాల అని చూసుకుంటాది. మనం ఆ వంట చూడాల."

"ఆకు తెంపి తెస్తే చాలు కదా మేడం?"

"తెంపితే ఆకు చచ్చిపోతాదనుకుంటివా? అది ఇంకా వండతానే ఉంటాది. చెట్టు మీద ఉన్నప్పుడు వండేది వేరే, తెంపినాక బిత్తరపోయి వండేది వేరే. అందుకే తెంపిన క్షణమే నైట్రోజన్‌లో ముంచాల. గంటె గిన్నెలో ఉండంగానే అంతా ఆగిపోవాల."

ఆ నత్రజని మాకు పశువుల ఆసుపత్రి నుంచి వచ్చేది. ఆబోతుల వీర్యాన్ని భద్రపరిచేందుకు వాళ్లు తెప్పించుకునే దానిలోంచే మాకు ఒక క్యాను నింపి ఇచ్చేవారు. క్యాను కూడా వాళ్లదే, దానిమీద ఎద్దు బొమ్మతో సహా. దాన్ని ఒడిలో పెట్టుకుని బెళుగుప్ప బస్సెక్కితే కండక్టరు అడిగేవాడు: "సార్, క్యానుకు టికెట్ కొట్టాల్నా, లోపలుండే ఎద్దుకు కొట్టాల్నా?" బస్సంతా నవ్వేది. పరిశోధకుణ్ణని చెప్పుకోవాలని నా నోరు దురదపెట్టేది. ఆ దురదే నన్ను ముంచింది.

బెళుగుప్ప దగ్గర ఓబులమ్మ అనే రైతు చేనులో మా ప్రయోగం. బోరు నీళ్లు పారే మడి ఒకటి, వానను నమ్ముకున్న మడి ఒకటి. మధ్యాహ్నం ఎండ బాగా ముదిరాక రెండింటి ఆకులూ తీయాలి. ఆరోజు మేడంకు పరీక్షల పని పడి, నన్ను ఒక్కణ్ణే పంపారు. నేను చేరేసరికి ఇంకా గంట సమయముంది. ఓబులమ్మ, కలుపు తీసే ఆడవాళ్లు నలుగురు గట్టు మీద సద్దిమూటలు విప్పుతున్నారు.

"ఏందప్పా అది, ఎనుములకేసే సూదిమందా?" అంది ఓబులమ్మ.

ఇంక ఊరుకుంటానా? మూత తీసి, ఒక చెంబెడు నత్రజని నేలమీద పోశాను. ఎర్రమట్టి మీద తెల్లటి పొగ మోకాళ్ల దాకా లేచింది. ఆడవాళ్లు కేకలేస్తూ వెనక్కి జరిగి, మళ్లీ నవ్వుతూ ముందుకొచ్చారు.

"ఓయమ్మా! మంట లేకుండా పొగ!"

"మళ్లా ఒకసారి పోయప్పా, మా యక్క ఆడుండాది, సూళ్లేదు," అంది ఓబులమ్మ.

అక్క వచ్చింది, పోశాను. అక్క కోడలు వచ్చింది, పోశాను. పొగకూ పొగరుకూ ఉన్న దూరం ఒక్క అక్షరమని అప్పుడు తోచలేదు.

ఎండ ముదిరింది. నీటి మడి ఆకులు తెంపి ముంచాను, అవి చిటపటలాడి గడ్డకట్టాయి. వాటిని క్యాను లోపలి గొట్టంలో పెట్టాను. వాన మడి ఆకులు తెంపి చూసేసరికి, ముంచడానికి అడుగున ఏమీ మిగల్లేదు. గుప్పిట్లో ఆకులతో నిలబడిపోయాను. ఓబులమ్మే తన భుజం మీది టవలు తడిపి ఇచ్చింది. "దీంట్లో సుట్టుకోప్పా, వాడిపోవు," అంది. పాపం, ఆమె సాయమే చేసింది. బస్సులో, దారిలో, పశువుల ఆసుపత్రి గేటు దగ్గర ఆ ఆకులు టవల్లోనే ఉన్నాయి. అక్కడ కొత్త నత్రజని పోయించుకుని ముంచాను. ఆ రాత్రి నోటుపుస్తకంలో రెండు మడులకూ ఒకటే వాక్యం రాశాను: "తెంపిన వెంటనే గడ్డకట్టించడమైనది."

రెండు వారాల తరువాత, ఆ ఆకుల ప్రొటీన్లను ఒక్కొక్క గీతగా విడదీసే జెల్ పలకమీద, వాన మడి వరుసలో మాత్రమే, ఇదివరకు ఎన్నడూ చూడని ఒక గీత కనబడింది. మేడం ఆ పలకను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఎంతసేపు చూశారో! "అన్నీ మానుకున్న చెట్టు దీన్నొక్కటే కొత్తగా వండుకుంటాండాది సూడు," అన్నారు. మరునాడు డబ్బా నిండా ఓళిగలు, అదే బొబ్బట్లు, తెచ్చి అందరికీ పంచారు. నాకు రెండు ఎక్కువ వేశారు, ఆకులు తెచ్చినవాణ్ణి కదా. తిన్నాను. బెంగళూరులో ఒక సదస్సులో ఆ గీత గురించి పత్రం చదివారు. నేను ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాను.

మరుసటి ఏడు ఆ గీత రాలేదు. మాకు పంట ఏడాదికి ఒక్కటే. మళ్లీ చూడాలంటే మళ్లీ వానాకాలం రావాలి, వానలు ఆగి మళ్లీ బెట్ట పట్టాలి. ఆ పై ఏడూ రాలేదు. ఆమెకు పదవీ విరమణ దగ్గర పడుతోంది. ఒకరోజు నన్ను పిలిచి ఆ పాత నోటుపుస్తకం తెరిచి, "ఆపొద్దు చేనులో ఏమన్నా తేడాగా జరిగినాదా, బాగా గ్యాపకం చేసుకో," అన్నారు.

"ఏం లేదు మేడం."

"అయితే నా చేతిలోనే ఏదో పొరపాటుండాది."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నోరంతా మాటలే ఉన్న నాకు ఆ ఒక్క మాట లేకపోయింది. ఆమె కళ్లద్దాలు మార్చుకుని, మందులన్నీ మళ్లీ తన చేత్తో కలుపుకుని, జెల్ పలకలు మళ్లీ పోశారు. చివరికి సదస్సువాళ్లకు తానే రాశారు: ఆ ఫలితం నిలవలేదు, లోపం నా ప్రయోగశాలది, పత్రాన్ని వెనక్కు తీసుకుంటున్నాను అని. ఆ ఉత్తరాన్ని టైపు చేసింది నేనే. ఒక్క అక్షరం తప్పు పోకుండా చేశాను. అదే పదవిలో ఆమె చివరి ఏడు.

నేను డిగ్రీ కాలేజీలో ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు, బుక్కరాయసముద్రంలోని ఆమె ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. పొగ, ఓబులమ్మ అక్క, అక్క కోడలు, టవలు, అన్నీ. తిడతారనుకుని వెళ్లాను. ఆమె కుర్చీలో ముందుకు జరిగారు. కళ్లలో, కిటికీ దగ్గర పలక ఎత్తి పట్టుకున్ననాటి వెలుగు.

"ఎన్ని నిమిషాలు?"

"ఏంటి మేడం?"

"తెంపినదానికీ ముంచినదానికీ మధ్య. అయితే ఆ గీత అబద్ధం కాదప్పా! తెంపినాక, తడిగుడ్డలో, ఆకు వండుకున్నది అది. ఆపొద్దే చెప్పింటే ఇంకో దారి పట్టుకోని పోయిందుము కదా. ఎన్ని నిమిషాలు?"

"గంటన్నర... అటూ ఇటూ."

"అటూ ఇటూ అంటే?"

నాకు తెలియదు. బస్సు మధ్యలో ఆగింది, ఎంతసేపో తెలియదు.

"గడియారం సూళ్లేదా?"

"చూడలేదు మేడం."

ఆమె మెల్లగా వెనక్కి వాలారు. కళ్లలోని వెలుగు తగ్గడం నేను చూశాను. ముంజేయి తిప్పి తన గడియారం చూసుకున్నారు. "కాఫీ తాగుతావా?" అన్నారు. అబద్ధం ఆడినందుకు ఒక్క మాట అనలేదు. ఆమె పోయి రెండేళ్లయింది.

ఇప్పుడు నా విద్యార్థులు ప్రయోగం రాసే పుస్తకంలో ఎడమ పేజీ ఖాళీగా వదలాలి. జరిగిన తప్పును, జరిగిన టైముతో సహా, అక్కడ రాయాలి. మొన్న ఒకమ్మాయి "మాట్లాడుతూ మరిచిపోయాను, 11.20 నుంచి 11.38 వరకు" అని రాసింది. పూర్తి మార్కులు వేసి, కాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాను. ఆ అమ్మాయి పద్దెనిమిది నిమిషాలు అక్కడున్నాయి; నా గంటన్నర, అటూ ఇటూ, ఏ పేజీలోనూ లేదు.

పెళ్లిలో ఆ బిస్కెట్లు నేను తినలేదు. గిన్నెలోంచి పొగ పూర్తిగా ఆగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఇది కచ్చితం. గడియారం చూశాను.