మేళం వెనుక శ్రుతి పట్టిన రోజులు

మొన్న మా మనుమరాలి సంగీతం పాఠానికని మా కోడలు కరెంటుతో పలికే చిన్న శ్రుతిపెట్టె కొని తెచ్చింది. మీట నొక్కగానే అది ఊపిరి తీసుకోకుండా, ఎవరికీ జడవకుండా ఒకే స్వరం మీద నిలిచి మోగుతుంటే, ఈ వయసులోనూ నా గుండె దడదడలాడింది. ఎందుకో మా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది.

అప్పటికింకా తెల్లవాళ్ల దొరతనమే. నేను కడప కచ్చేరీలో గుమాస్తాను, ఇద్దరు పిల్లల తండ్రిని. చిన్నప్పుడు కర్నూలులో మేనమామ దగ్గర నేర్చుకున్న పాట ఉద్యోగంలో చేరాక మూలపడింది. ఒక పెళ్లిలో నాదస్వరం వాయించిన ఆయన తోడి రాగం విన్నాక, నాకు వచ్చినది ఎంత తక్కువో తెలిసి, సిగ్గు విడిచి ఆయన ఇంటికి పోయి నేర్పమని అడిగాను. సిగ్గు విడిచాను గాని భయాన్ని విడవలేకపోయాను. మేళం వాయించేవాళ్లను శుభకార్యానికి పిలవడమే తప్ప, వాళ్ల ఎదుట శిష్యుడిగా కూర్చోవడం మావాళ్లలో లేదు. నాకు ఉద్యోగం వేయించిన మామగారు అదే కచ్చేరీలో పెద్ద గుమాస్తా. ఆయనకు అనుమానం వచ్చి, ఇది నిజమైతే కూతురినీ పిల్లలనూ తన ఇంటికి తీసుకుపోతానని మా ఆవిడతో అననే అన్నారు.

గురువుగారిది ఒక పద్ధతి. పాట నేర్చుకునేవాడైనా సరే, ముందు శ్రుతి పట్టాలి. అంటే రంధ్రాలను మైనంతో మూసిన సన్నాయిని, నాదం తెగకుండా, బుగ్గల్లో గాలి నిలుపుకుని ముక్కుతో ఊపిరి పీలుస్తూ ఊదుతూనే ఉండాలి. ఆముదపు ఆకు కాడను చెంబునీళ్లలో ముంచి, బుడగలు ఆగకుండా ఊదుతూ పెరట్లో తలుపు వేసుకుని సాధన చేశాను. అది పట్టుబడ్డాక, దేవుని ఉత్సవాలలో నలుగురి మధ్య తన వెనుక నడుస్తూ శ్రుతి నిలబెడితేనే రాగం పాఠం మొదలని ఆయన చెప్పారు.

మొదటి సాయంత్రం బజారు మలుపు దాకా బాగానే నడిచాను. అక్కడ ఒక అంగడి మెట్టు మీద మామగారు కనబడ్డారు. ఆయన దేవునికి దండం పెట్టుకుంటున్నారే గాని నా వైపు చూడనైనా లేదు. అయినా నా చేయి దానంతట అదే సన్నాయిని నోటి నుంచి తీసి పైపంచె కింద దాచింది; దారినపోయే భక్తుడిలా నేను కూడా దండం పెట్టాను. శ్రుతి ఆగిపోయింది. గురువుగారు వెనక్కి తిరగకుండా ఒంటరిగానే రాగాన్ని లాక్కుపోయారు. డోలు వాయిస్తున్న గురువుగారి తమ్ముడు మాత్రం ఊరుకోలేదు.

"ఏమప్పా, మామను చూస్తానే గాలంతా పాయనా?"

మరునాడు తల వంచుకుని పోతే, గురువుగారు నాకు మజ్జిగ ఇప్పించి మెల్లగా అన్నారు:

"భయపడేది తప్పు గాదు సామీ. భయపడతానే ఊదల్ల. నేనూ మా నాయన వెనకాల అట్లనే ఊదినా. సాయంత్రం రాండి."

పోయాను. మలుపు దగ్గర మామగారు ఉన్నారు, ఈసారి చూశారు కూడా. చెమటకు వేళ్లు జారాయి, కళ్ల ముందు ఖాళీ అయిన ఇల్లు కనిపించింది. శ్రుతి మాత్రం తెగనివ్వలేదు. మామగారు చెప్పినంత పనీ చేయబోయారు గాని, మా ఆవిడ కదలనన్నది. ఆయన చాలాకాలం మా ఇంట మంచినీళ్లు ముట్టలేదు. నాకు మాత్రం తోడి పాఠం మొదలైంది.

ఇప్పుడు ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నా అడిగేవాళ్లు లేరు. మంచిదే. గురువుగారి ఇంట్లో ఆయన చాప మీద, ఆయన పక్కన ఏళ్ల తరబడి కూర్చుని నేర్చుకున్నాను. అలా ఆయనను మా ఇంటికి పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకునే ధైర్యం మాత్రం, ఆయన బతికున్నన్నాళ్లూ నాకు రాలేదు.