కమ్లి కట్టిన పీటముడి

పొద్దున పాల పాకెట్ల దగ్గర పుట్టిన మాట సాయంత్రానికి మా సూర్యాపేట బస్టాండు దాకా పోయింది. కోదాడలో స్టేజీ మీద శ్రీకాంత్ అనే పిల్లగాడి చేతిలో మా ఎదురింటి కమ్లి కత్తెర దింపింది కదా, అది నాటకం గొడవ కాదట. వాళ్లిద్దరి నడుమ ఏదో నడిచిందట. వాడు వేరే పిల్లను చేసుకుంటున్నాడని తెలిసి కసి తీర్చుకుందట. మా పక్కింటి సారమ్మ ఈ మాట నా చెవిలో వేసి, నా మొహం ఎట్లా మారుతుందో చూద్దామని కాసేపు నిలబడింది కూడా.

"సారమ్మా, ఆ పిల్లగాడు కమ్లి కొడుకంత ఉంటడు. జర సోయుండి మాట్లాడు."

"నాకేం ఎరుక వదినా, అందరంటున్నరు."

"అందరంటే ఎవరెవరు? పేర్లు చెప్పు, ఇప్పుడే పోయి అడుగుత."

సారమ్మకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. వెళ్లిపోయింది.

నేను చదివింది ఐదో తరగతే. అయితే ఆ రోజు స్టేజీ ముందు మొదటి వరసలో కూర్చున్నది నేను, సారమ్మ కాదు. అందుకే రాస్తున్నాను. రాస్తానని చెబితే కమ్లి ఒక్క మాటే అంది: "రాస్తే మొత్తం రాయక్కా. సగం రాస్తే నీకూ సారమ్మకూ ఫరకేముంటది?"

కమ్లిది నడిగూడెం దగ్గరి తండా. మా ఇంటికి ఎదురుగా ఒక గది కిరాయికి తీసుకుని బట్టలు కుడుతుంది. ఆమెకు నోరు తక్కువ, చెయ్యి ఎక్కువ. మొగుడు గేమ్యా ఒకసారి తాగొచ్చి ఎవరిదో పెళ్లి జాకెట్టు మీద కక్కాడు. గజంబద్ద విరిగే దాకా కొట్టింది. గేమ్యా మా అరుగు మీద కూర్చుని వీపు తడుముకుంటూ, "కొట్టినందుకు బాధ లేదక్కా. బద్ద ఇరిగిందని మళ్ల కొడ్తదేమోనని పరేషాన్" అన్నాడు. అతను ఆ తర్వాత కూడా తాగాడు గానీ, బట్టలున్న గదిలోకి మాత్రం తాగి రాలేదు.

ఆ గదికి ఒకనాడు సుధాకర్ వచ్చాడు. మిర్యాలగూడలో రైసు మిల్లున్నాయన. నుదుటి మీద కట్టు ఉంది. ఏటా ఆయన నిజాం మీది పాత పోరాటం రోజులను కళ్ల ముందు నిలబెట్టి ఊరూరా చూపిస్తాడు. పూరిగుడిసెలు వేయిస్తాడు, కట్టెల పొయ్యిలు పెట్టిస్తాడు. ఆడవాళ్లు, పిల్లలు ఆ కాలం బట్టల్లో అక్కడే వండుతారు, దంచుతారు. జనం గుడిసెల మధ్య నుంచి నడుచుకుంటూ చూస్తారు. చివర స్టేజీ మీద రజాకార్లు తండా మీద పడే ఘట్టం ఉంటుంది. ఆ ఏడు వేములపల్లిలో లంబాడి ఆడవాళ్ల బట్టలు నాటకాల దుకాణం నుంచి అద్దెకు తెచ్చాడట. తళతళలాడే ప్లాస్టిక్ అద్దాలు, పక్కన జిప్పు. తండా ముసలమ్మలు చూసి, "ఇవి మా తల్లుల బట్టలారా? సర్కస్ బట్టలు!" అని చెప్పులు విసిరారు. చెప్పులైపోయాక రాళ్లు విసిరారు. వాటిలో ఒకటి సుధాకర్ నుదురు పగలగొట్టింది.

"నువ్వే కుట్టాలె కమ్లీ. అసలుకు అసలు" అన్నాడు.

"అసలుకు అసలంటే అసలే కుడ్త పటేలా. మధ్యల నువ్వు యేలు పెట్టద్దు."

"పెట్టను."

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ఆ మాట నా చెవులతో విన్నాను.

ఆ తర్వాత మా వీధికి తెల్లారేది దెబ్బలతోనే. ముతక గుడ్డ తెచ్చి, కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఎర్రరంగు అద్ది, వాకిట్లో బండ మీద వేసి కట్టెతో బాదేది. కొత్త గుడ్డ పదేళ్లు కట్టిన గుడ్డ అయ్యే దాకా బాదేది. చేతులు బొబ్బలెక్కి పగిలి, ఎరుపు ఏది రంగో ఏది నెత్తురో తెలిసేది కాదు. ముందు ఆడవాళ్ల పావడాలు కుట్టింది. వాటిలో కొన్నిటిని మళ్లీ బాది, అంచులు చీరుకుపోయాక, గట్టిగా మిగిలిన ముక్కలు కత్తిరించి పిల్లల పావడాలు కుట్టింది.

"కుట్టిన దాన్ని చింపుడేందే, పిచ్చిదానా?" అన్నాను.

"ఆ కాలంల పోరగాండ్లకు కొత్త గుడ్డ ఎవరు కుట్టిండ్రక్కా? తల్లి పావడ చినిగితేనే బిడ్డకు పావడ."

అది సరే అనుకున్నాను. తర్వాత పిల్లల పావడాల అంచుకు చిన్న గజ్జెలు కుట్టింది, అన్నీ కుట్టాక ఒక్కొక్కటీ పంటితో కొరికి తెంపింది. దారం కొసలు మాత్రం వేలాడుతున్నాయి. ఇక నేను ఊరుకోగలనా? టీ గ్లాసు పట్టుకుని వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు చెప్పింది వాళ్ల నాయనమ్మ సంగతి.

రజాకార్లు వస్తున్నారని తెలిసిన రోజున తండాలో తల్లులు పిల్లల గజ్జెలు పళ్లతో తెంపారట. జొన్నచేలో దాక్కుంటే చప్పుడు కాకూడదు కదా. లంబాడి రైకకు వీపు ఉండదు, మెడ దగ్గర ఒక తాడు, నడుము దగ్గర ఒక తాడు, అంతే. ఆ తాళ్లకు ఆడవాళ్లు ఒకరి వీపున ఒకరు పీటముళ్లు వేసుకున్నారట. లాగినా ఊడవు, విప్పినా రావు. కమ్లి నాయనమ్మ పిల్లలను చేలోకి తోసి తాను చిక్కింది. ఒకడు ఆమె వీపు తాళ్లు పట్టి బావి దాకా ఈడ్చాడు. ముడి ఊడలేదు. వాడు కత్తి తీసి మెడ దగ్గరి తాడు కోశాడు. తాడుతో పాటు భుజం నుంచి నడుము దాకా వీపు తెగింది, నడుము దగ్గరి ముడి మాత్రం నిలిచింది. ఆమె తిరగబడి రోకలితో వాడి దవడ పగలగొట్టి, నెత్తురు కారుతుండగానే చేలోకి ఉరికిందట.

"చిన్నప్పుడు ఆమె వీపుకు నూనె రాసేదాన్ని. ఆ గీతల నా యేలు పట్టేది" అంది కమ్లి.

నా టీ చల్లారిపోయింది.

రిహార్సలు సూర్యాపేటలోనే ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఆ నాయనమ్మ వేషం కమ్లి అక్క బిడ్డ వనితది. కోదాడలో డిగ్రీ చదువుతోంది, గలగలమంటుంది. రజాకారు వేషం శ్రీకాంత్‌ది. కోదాడ పిల్లగాడే, కండలున్నవాడు, నిజం చెప్పాలంటే వేషం బాగా కడతాడు. వాడు వనిత వీపు తాళ్లు పట్టి లాగాడు. టప్‌మని రైక ఊడి చేతిలోకి వచ్చింది. లోపల ఒంటి రంగు బనియను ఉంది గానీ, కుర్చీల్లో ఉన్న మగపిల్లలకు అదేం పట్టింది? ఈలలు వేశారు.

కమ్లి లేచి వెళ్లి ఆ రైక లాక్కుంది. వెనక్కి తిప్పి చూసింది. తాళ్లు రైకకు కలిసే చోట ఆమె కుట్టిన కుట్టు విప్పేసి ప్రెస్ బటన్లు పెట్టించారు.

"ఎవడు పెట్టిండు?"

"నేనే కమ్లీ" అన్నాడు సుధాకర్. "జర ఇను. పబ్లిక్‌కు గది గావాలె. అన్యాయం కండ్లకు కనబడాలె."

"ఆ దినం ఎవరి రైకా ఊడలే పటేలా."

"ఊడినట్టు సూపిస్తే ఏమైతది? నాటకమే గద!"

"ముసలమ్మ వీపు కోయిచ్చుకున్నది గాని ఊడనియ్యలే. నువ్వు ఆమెను ఊరూరా తిప్పి ఇప్పుతవా?"

శ్రీకాంత్ నవ్వుతూ, "ఏంటి పెద్దమ్మా, బటన్లకే ఇంత గోలేంటి?" అన్నాడు. చెంప పేలింది. వాడు రెండడుగులు వెనక్కి వేసి కుర్చీ మీద పడ్డాడు. కమ్లి ఆ బటన్లను పళ్లతో పీకి సుధాకర్ కాళ్ల దగ్గర ఉమ్మింది.

"తాళ్లు ఉంటె ఆట. లేకుంటె బట్టలన్నీ ఇక్కడనే కాలవెడ్త."

సుధాకర్ సరే అన్నాడు. అయితే కమ్లి బయటికి వెళ్లాక, "గుంజితే తాడు తెగకపోతదారా? గట్టిగ గుంజు" అని వాడితో అన్నాడట. ఇది తర్వాత శ్రీకాంతే చెప్పాడు.

ఆట రోజు కోదాడకు నేనూ బస్సెక్కాను. కమ్లి కత్తెర, సూదులు ఉన్న సంచి నా ఒళ్లో ఉంది. తెర వెనక వనిత వీపు తాళ్లు కమ్లియే కట్టింది. పంటితో పట్టి బిగించింది.

"చిన్నమ్మా, ఊపిరాడ్తలేదు!"

"ఆటైనంక తీస్కో ఊపిరి."

"గప్పటిదాంక సస్త గదనే!"

"సావవు. మా నాయనమ్మ సావలే."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

కమ్లి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆట మొదలైంది. గుడిసెకు నిప్పు పెట్టారు. పొగ మా మీదికి వచ్చి కళ్లు మండాయి. ఖాకీ బట్టలవాళ్లు కుండలు తన్నారు, కుండ పెంకు తగిలి ఒక చంటిదాని మోకాలు చీరుకుంది. ఆ ఏడుపు నిజం ఏడుపు. శ్రీకాంత్ వనిత జుట్టు పట్టి నేలకేసి కొట్టి, మెడ దగ్గరి తాడు పట్టి లాగాడు. ఊడలేదు. వెనక నుంచి ఎవడో, "గుంజన్నా! ఇంకా గుంజు!" అని అరిచాడు. ఈలలు. వాడు తాడును అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని, వీపు మీద మోకాలు పెట్టి లాగాడు. "ఊడట్లేదేంటే ఇది" అని వాడు పళ్లు కొరకడం నాకు వినిపించింది. రైక ముందు అంచు వనిత గొంతులో దిగింది. కళ్లు బయటికొచ్చాయి. రెండు చేతులతో గొంతు గీరుకుంటోంది, కాళ్లు స్టేజీ చెక్కల మీద టపటపా కొట్టుకుంటున్నాయి.

నాకు అటు పక్కన ఒకామె, "పిల్ల ఎంత మంచిగ చేస్తున్నదమ్మా" అంటూ చప్పట్లు కొట్టింది.

నా ఒళ్లో సంచి తేలికైంది. చూస్తే కమ్లి స్టేజీ ఎక్కుతోంది, చేతిలో పెద్ద ఇనుప కత్తెర. శ్రీకాంత్ ఎడమచేతి లాఠీ తిప్పి కొట్టాడు. కమ్లి కనుబొమ్మ పగిలి నెత్తురు కంట్లోకి కారింది. తుడుచుకోలేదు. కత్తెర పైకి లేచి, దిగింది. శ్రీకాంత్ చేతి వెనక నుంచి దూరి అరచేతిలో తేలింది.

వాడి కేకకూ జనం చప్పట్లు కొట్టారు. చెయ్యి విచ్చుకుంది, వనిత బోర్లా పడి దగ్గింది. వాడు కత్తెర దిగిన చేతిని చూసుకుంటూ మోకాళ్ల మీద కూలబడ్డాక గానీ జనానికి అర్థం కాలేదు. ఆ తర్వాత కుర్చీలు లేచాయి. ఎవరు ఎవరిని కొట్టారో చెప్పలేను. నాకూ ఒక మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది.

పోలీసు స్టేషన్లో కమ్లి, "తాడు కొయ్యబోతె కత్తెర జారింది సార్" అంది. నన్నూ అడిగారు. చూసింది చూసినట్టు చెప్పాను: పిల్ల మెడకు ఉరి పడింది, ఈమె తాడు కోయడానికి పోయింది, లాఠీ దెబ్బకు కంట్లో నెత్తురుంది, చెయ్యి జారింది. నేను నమ్మిందే చెప్పాను.

గొడవ అక్కడితో ఆగలేదు. శ్రీకాంత్ దోస్తులు బైకుల మీద వచ్చి కమ్లి కుట్టుమిషనును వీధిలోకి ఈడ్చి రాళ్లతో పగలగొట్టారు. నేను కారం డబ్బా తీసుకుని గేటు దగ్గర నిలబడి, దగ్గరికొచ్చిన ఇద్దరి కళ్లలో కొట్టాను. వాళ్లు తుమ్ముకుంటూ బైకు కాలువలో పడేశారు. తండా వాళ్లు కోదాడ పోయి శ్రీకాంత్ ఇంటి తలుపు గొడ్డళ్లతో నరికారు. కమ్లి జైలుకు పోతుందని, ఆట ఖతమైందని, ఇక ఎవరు ఆడినా బటన్ల రైకతోనే ఆడతారని అన్నారు. జైలు మాటకు కమ్లి ఉలకలేదు. బటన్ల మాటకు మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

చివరికి శ్రీకాంతే దవాఖాన మంచం మీది నుంచి ఆపాడు. వాడికి రెండు వేళ్లు మడతపడవు. అయినా, "ఆ పిల్ల కాళ్లు కొట్టుకోవడం నేను చూశాను. చూసి కూడా వదల్లేదు. ఈలలు పడుతున్నాయని లాగాను. పెద్దమ్మ తాడు కోయబోయింది, జారింది, అంతే. కేసు వద్దు" అన్నాడు. రాజీ అయింది. సుధాకర్ కొత్త మిషను కొనిచ్చి, తాళ్ల రైకతోనే మిర్యాలగూడలో ఆడిస్తానని పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నాడు.

సాక్ష్యమని పోలీసులు తీసుకున్న వనిత రైక స్టేషను నుంచి తిరిగొచ్చింది. నెత్తురు గట్టకట్టి ఉంది. "ఉప్పు నీళ్లల్ల నానబెట్టక్కా" అని కమ్లి నా చేతికిచ్చింది. నానబెట్టి, రుద్ది, తీగ మీద ఆరేస్తూ తాడు పట్టుకుని చూశాను. ముడిని ఎవరో సూదితో నిమ్మళంగా విప్పారు. తాడు మొత్తం వేళ్ల మధ్య జరుపుకుంటూ పోయాను. మళ్లీ వెనక్కి వచ్చాను. ఎండలో పెట్టి చూశాను. ఒక్క పోగు కూడా తెగలేదు.

తడి రైకతోనే వీధి దాటి వెళ్లాను. కమ్లి కొత్త మిషను తొక్కుతోంది.

"కమ్లీ, ఈ తాడుకు కత్తెర గాటే లేదు."

తొక్కుతూనే ఉంది.

"తాడు కోస్తుంటె జారిన కత్తెర, జర్రంతన్న తాడుకు తగలాలె గద?"

మిషను ఆగింది. కనుబొమ్మ మీద కుట్లు ఇంకా నల్లగానే ఉన్నాయి.

"నాకన్న నిజం చెప్పవే. తాడు కొయ్యబోయినవా, వాని చెయ్యి కొయ్యబోయినవా?"

దారం పంటితో తెంపి, రైక నా చేతిలోంచి తీసుకుని, తాడును తొడ మీద చాపి సాపు చేసుకుంటూ కమ్లి అంది:

"ఆ ముడి మా నాయనమ్మది అక్కా. దాన్నెందుకు కోస్త? చెయ్యి ఒక్కటే వానిది."