అలసంద వడలు, కోడికూర

నా భార్య చనిపోయిన ఏడాది క్రిస్మస్ పొద్దున అలసంద వడలూ కోడికూరా నేనే చేశాను. చేయాలని బలంగా అనిపించి కాదు. ఆ నెలల్లో నాకు ఏదీ బలంగా అనిపించేది కాదు.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. ఆళ్లగడ్డలో ఒక అప్పర్ ప్రైమరీ బడిలో టీచరుగా ఉన్నాను. చర్చి వెనక వీధిలో రెండు గదుల అద్దె ఇల్లు. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు ఐదు. వానాకాలంలో వాళ్లమ్మకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోయించాం, పథ్యం పెట్టాం, చివరికి నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాం. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమె పుట్టిల్లు నంద్యాలే కాబట్టి అక్కడే మట్టి చేశాం. సమాధి దగ్గర అందరూ ఏడుస్తుంటే నేను పాప చెప్పు కోసం వెతుకుతున్నాను. జనంలో ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. ఆ రోజుది నాకు బాగా గుర్తున్నది ఆ చెప్పు ఒక్కటే.

వారం తిరక్కుండానే బడికి వెళ్లాను. హాజరు వేశాను, ఎక్కాలు చెప్పించాను. తోటి టీచర్లు నన్ను గట్టి మనిషి అనుకున్నారు. గట్టితనమేమీ లేదు. చెయ్యి మీద తల పెట్టుకుని నిద్రపోయి లేస్తే ఆ చెయ్యి మనది కానట్టుంటుంది చూడండి, మనిషిని మొత్తంగా అట్లా ఉన్నాను. ఇంట్లో అన్నం వండి, ఏదో ఒక చారు కాచి పిల్లలకు పెట్టేవాణ్ణి. తర్వాత గిన్నెలు కడిగేవాణ్ణి. మధ్యలో నేను తిన్నానో లేదో నాకే గుర్తుండేది కాదు.

దసరా సెలవుల్లో మా మామ వచ్చాడు. నా భార్య తండ్రి. రైల్వేలో గ్యాంగు మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే మాట్లాడతాడు.

"పిల్లోల్లను మా ఇంటికి పంపప్పా. వాళ్లవ్వ సూసుకుంటాది. నంద్యాలలో బడులు గూడ బాగుంటాయి."

"సరే మామా."

"క్రిస్మస్ దినం వచ్చి పిల్సుకపోతా."

"సరే."

ఆయన చాలా వాదించాల్సి వస్తుందని సిద్ధపడి వచ్చినట్టున్నాడు. నేను అంత తొందరగా ఒప్పుకునేసరికి కాసేపు నా మొహం చూసి, మళ్లీ బస్సుకు వెళ్లిపోయాడు. ఒప్పుకోవడం నాకు కష్టమనిపించలేదు. కాదనాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి. అది లేదు.

డిసెంబరు వచ్చింది. మా వీధిలో ఇళ్ల ముందు వెదురుబద్దలకు రంగు కాగితాలు అంటించి నక్షత్రాలు కట్టారు. మా ఇంటికి చర్చి సంఘం పిల్లలే ఒకటి తెచ్చి కట్టిపోయారు. సంఘంలో ఆడవాళ్లు ఒకరొకరుగా వచ్చి, పండగ పొద్దున టిఫిన్ మేము పంపిస్తామంటే మేము పంపిస్తామన్నారు. అందరికీ వద్దన్నాను. ఆత్మాభిమానంతో కాదు. ఒకరికి సరే అంటే మిగతావాళ్లకు ఏం చెప్పాలో ఆలోచించాలి. వద్దనడమే తేలిక. పండక్కి నంద్యాలకే రమ్మని మా అత్త కబురు పెట్టింది. దానికి మాత్రం పాప ఒప్పుకోలేదు.

"పండగ ఈడనే సేసుకుందాం నాయనా. ఎట్లాగూ మళ్ల పోతాండాం గదా."

"సరే."

"అమ్మ సేసేటివే సేయాల. వడలు, కోడికూర."

"సరే."

"నీకొచ్చునా?"

"సూస్తా," అన్నాను.

వాళ్లమ్మ ఉన్నప్పుడు క్రిస్మస్ పొద్దున ఇంట్లో నా పని కోడి వరకే. కోసి, ఈకలు పీకి, మంట మీద కాల్చి, ముక్కలు కొట్టి ఇచ్చేవాణ్ణి. ఆ తర్వాత వంటింట్లోకి నన్ను రానిచ్చేది కాదు. తెల్లవారుజామున ఆరాధన అయి ఇంటికి రాగానే పిల్లలు కొత్తబట్టల్లోనే తూగుతుండేవాళ్లు. ఆమె పెళ్లినాటి తెల్ల దుప్పటి నడింట్లో పరిచేది. దాని అంచులకు తనే కుట్టిన ఎర్రపూలు ఉండేవి. ఏడాదికి ఒక్కసారి ఆ పొద్దునే ఆ దుప్పటి బయటికి వచ్చేది. పెద్ద స్టీలు తట్టలు కూడా అంతే. వడలు కాగుతున్న నూనెలోంచి నేరుగా తట్టల్లోకి వచ్చేవి. నేను కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెడితే వంటింట్లోంచే అరిచేది, "పొట్టిగా కానీయండి, సల్లారిపోతాండాయి," అని. పిల్లలు కళ్లు మూసుకునే నవ్వేవాళ్లు.

ఆ ఏడాది ఆరాధనకు ముగ్గురమూ వెళ్లాం. పాటలన్నీ పాడాను. నోటికి వచ్చినవే కాబట్టి నోరు పాడుకుపోయింది. పాస్టరుగారు నా భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నారు. "అవునండీ," అన్నాను. ఏమన్నారో ఇప్పటికీ తెలియదు.

తెల్లగా తెల్లవారేసరికి ఇంట్లో ఉన్నాం. కోడి పని నాకు చేతనైందే కాబట్టి త్వరగా అయిపోయింది. కూరకు ఉల్లిగడ్డలు తరిగాను, అల్లం వెల్లుల్లి దంచాను, ఎండుకొబ్బరి, ధనియాలు, లవంగాలు నూరాను. కారం వేశాను. పాప నానిన అలసందలు రెండు చేతులతో పిసికి పొట్టు తీసి, నీళ్లలో తేల్చి వంచింది. వాళ్లమ్మ చేస్తుంటే చూసిందే. నేను వాటిని రోట్లో వేసి రుబ్బాను. ఎప్పుడో చెయ్యి రోటి అంచుకు తగిలి వేలి కణుపు మీద తోలు లేచిపోయింది. రక్తం చూశాను. నొప్పి లేదు. చెయ్యి కడుక్కుని, గుడ్డ చుట్టుకుని, మళ్లీ రుబ్బాను. బాబు గడప మీద కూర్చుని చలికి దుప్పటి కప్పుకుని, అయిందా అయిందా అని అడుగుతున్నాడు.

ఆ తెల్ల దుప్పటి పాపే వెతికి తెచ్చి పరిచింది. ఎర్రపూల వైపు పైకి వచ్చేట్టు రెండుసార్లు తిప్పి పరిచింది. తట్టలు పెట్టింది. నేను ప్రార్థన చేశాను. పొట్టిగానే చేశాను. ఎవరూ నవ్వలేదు.

తినడం మొదలుపెట్టాం. పాప వడ తుంచి కూరలో ముంచి తిని, నా వైపు చూసింది. నేను తింటున్నాను. బాబు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నోరు తెరవబోయి, ఉలిక్కిపడి అక్క మొహం చూసి మూసుకున్నాడు. ఇదంతా అప్పుడు చూశాను గానీ చూసినట్టు నాకు తెలియలేదు. నేను రెండు వడలు తిని ఇంకొకటి వేసుకున్నాను.

అప్పుడే మామ వచ్చాడు. మధ్యాహ్నానికి వస్తానన్న మనిషి నంద్యాలలో ఆరాధన కూడా వదిలేసి మొదటి బస్సు పట్టుకున్నాడు. ఒక చేతిలో మా అత్త చేసిన నిప్పట్ల డబ్బా, ఇంకో చేతిలో పిల్లల బట్టలకని ఖాళీ రేకుపెట్టె. పెట్టె తలుపు పక్కన పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చి, దుప్పటి చూసి ఆగాడు. తర్వాత దాని అంచు మీద జాగ్రత్తగా కూర్చున్నాడు. ఆయన మా ఇంట్లో చెప్పకుండా కూర్చోవడం అదే మొదటిసారి.

పాప తట్ట పెట్టింది. ఆయన వడ తుంచి, కూరతో నోట్లో పెట్టుకుని నమిలాడు. నమలడం ఆపి నన్ను చూశాడు.

"ఉప్పేదప్పా?"

"ఏంది మామా?"

"ఉప్పు. కూరలో ల్యా. వడలో గూడ ల్యా."

నా తట్టలో మూడో వడ సగం ఉంది. మళ్లీ ఒక ముక్క నోట్లో వేసుకుని చూశాను. ఆయన అన్నాక కూడా నాకు తేడా తెలియలేదు. మెత్తగా ఉంది, వేడిగా ఉంది, అంతే.

"పాపా, నీకు తెల్యలేదా?" అన్నాను.

"తెల్సు."

"మరి సెప్పకపోతివే?"

పాప తట్టలోకి చూస్తోంది. బాబు చెప్పాడు, "నేను సెప్తాంటే అక్క గిల్లె."

"ఎందుకమ్మీ?" అని మామ అడిగాడు.

"నాయన తింటాండాడు గదా," అంది పాప. "సెప్తే మళ్ల లేసిపోతాడు."

ఆ మాటకు నాకు ఏడుపు రావాలని నాకు తెలుసు. వస్తుందేమోనని చూశాను. రాలేదు.

మామ లేచాడు. నేను కూడా లేవబోతే, "నువ్వు కూసో," అని గదమాయించాడు. గ్యాంగులో ఉన్నప్పుడు పట్టాల పక్కన పదిమందికి వండిపెట్టిన మనిషేగానీ, ఇంట్లో పొయ్యి ముట్టగా నేనెప్పుడూ చూడలేదు. కల్లుప్పు వేడినీళ్లలో కరిగించి కూరలో పోసి మళ్లీ తుకతుకా తెర్లనిచ్చాడు. మిగిలిన పిండిలో ఉప్పు కలిపి చేత్తో తట్టి నూనెలో వేశాడు. ఆయన చేతులు పెద్దవి, వడలు పూరీల్లా వచ్చాయి. బాబు వాటిని చూసి పగలబడి నవ్వాడు. ఆ ఇంట్లో చాలా రోజులకు వినిపించిన నవ్వు అది.

రెండోసారి తిన్నాం. పిల్లలు బాగా తిన్నారు.

"ఆయమ్మి సేసినట్ల ల్యాదు," అన్నాడు మామ. కూతురి గురించి ఆయన ఆ రోజు అన్నది ఆ ఒక్క మాటే.

తర్వాత నేను పిల్లల బట్టలు తెచ్చి రేకుపెట్టెలో సర్దడం మొదలుపెట్టాను. పాప గౌన్లు మడతపెడుతుంటే మామ వాటిని తీసి పక్కన పెట్టాడు.

"పాప ఈడనే ఉంటాదిలే."

"అత్తతో అంతా మాట్లాడుకున్నాం గదా మామా."

"మీ అత్తకు నేను సెప్పుకుంటా. నువ్వు తింటాండావో ల్యాదో సూసేదానికి మనిషుండాల."

"చిన్న పిల్ల మామా."

"చిన్నదే. అయితే సూస్తాంది గదా."

పాపను అడిగాను. తల ఊపింది. బాబును ఎవరూ అడగలేదు. వాడు అప్పటికే తాతతో రైళ్ల గురించి మాట్లాడుతున్నాడు.

సాయంత్రం బస్టాండుకు వెళ్లాం. పండగ కాబట్టి బస్సులో సగం సీట్లు ఖాళీ. బాబు కిటికీ పక్కన కూర్చుని ఊరికే చెయ్యి ఊపాడు. పాప బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది. నేను నిలబడ్డాను. ఇంటికి వచ్చాక పాప దుప్పటి నానబెట్టింది, నేను ఉతికాను. కూర మరకలు పూర్తిగా పోలేదు.

ఆ రాత్రి నుంచి ఇంట్లో అన్నం రెండు తట్టల్లో ఒకేసారి వడ్డించాల్సి వచ్చింది. నా తట్ట ఖాళీ అయ్యేదాకా పాప తన తట్ట ముందు నుంచి లేచేది కాదు. అది పిల్ల మీద పెట్టాల్సిన బరువు కాదని మామకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అట్లాగే సాగింది. మొదట్లో ప్రతి శనివారం నంద్యాల వెళ్లి బాబును చూసి వచ్చేవాళ్లం. తర్వాత నెలకోసారి అయింది. నాలో ఆ మొద్దుబారినతనం ఎప్పుడు పోయిందో చెప్పలేను. ఫలానా రోజున పోయిందని చెప్పడానికి ఆ రోజంటూ ఏదీ లేదు. ఒక ఎండాకాలం వీధిలో ఎవరితోనో నీళ్ల గురించి పోట్లాడుతూ, నాకు కోపం వస్తోందని గమనించాను.

మా అత్తకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాక బాబు ఆళ్లగడ్డకు తిరిగి వచ్చాడు. అప్పటికి మూడో తరగతి. నంద్యాలలో మా అత్తమామలు నా మాట వస్తే "సారు వస్తాండాడు, సారు వచ్చిపాయ" అనేవాళ్లు. వాడికి అదే అలవాటైంది. పైగా నా బడిలోనే చేరాడు. ఇంట్లో కూడా నన్ను సార్ అనే పిలిచేవాడు. నేను దిద్దలేదు. ఒకరోజు అన్నం తింటుండగా, "సార్, చారు పోయండి," అన్నాడు. పాప వాడి నెత్తి మీద ఒకటి మొట్టి, "సారు కాదురా, నాయన," అంది.

వాడు నెత్తి రుద్దుకుని నన్ను చూసి, "నాయనా, చారు పొయ్," అన్నాడు. పోశాను.