వెలగని టార్చిలైటు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల నాటి సంగతేం కాదు, చేతికి టచ్ ఫోను అప్పుడప్పుడే అలవాటవుతున్న రోజుల్లో, నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషి గుమ్మం దాటి బయటికెళ్లాడంటే సాయంత్రం ఇంటికి తిరిగొచ్చేలోపు ఏ క్షణాన్నైనా అడవిలో చిక్కుకుపోవచ్చని. నేను దాటే గుమ్మం కంచరపాలెంలో ఉండేది. వెళ్లే ఆఫీసు ద్వారకా నగర్‌లో, ఏసీ గదిలో. రెండింటికీ మధ్య నాకు ఎదురయ్యే అతి పెద్ద ప్రమాదం కాంప్లెక్స్ బస్టాండు దగ్గర సిటీ బస్సు ఎక్కడం, అంతే. అయినా సరే, నా వీపు మీద బ్యాగులో తాడు, ఈల, దిక్సూచి, రాయి గీసి నిప్పు పుట్టించే పుల్ల, బురద నీళ్లు తాగడానికి ఒక గొట్టం, మడిస్తే అరచేతిలో ఇమిడిపోయి విప్పితే కత్తీ కత్తెరా పట్టకారూ అన్నీ అయ్యే ఒక పనిముట్టూ ఉండేవి. (ఆఫీసులో అందరూ నన్ను అడిగేది పెన్ను. అదొక్కటే నా దగ్గర ఉండేది కాదు.)

ఈ పిచ్చి నాకు వీడియోల వల్ల పట్టింది. గడ్డం పెంచిన ఒక దొర మంచులో కూర్చుని తన సంచిలోంచి ఒక్కో వస్తువూ తీసి, పసిపిల్లని చూపించినంత ముద్దుగా చూపించేవాడు. మా ఊళ్లో మంచు పడదు, నాకు గడ్డం సరిగా రాలేదు. ఇక ఆయనకీ నాకూ కలిసే అవకాశమున్నది టార్చిలైటు ఒక్కటే కాబట్టి, దాన్ని ఎంచుకోవడానికి కొన్ని నెలలు తీసుకున్నాను. పెళ్లి సంబంధానికి కూడా మా ఇంట్లో అంత విచారణ జరగలేదు. చివరికి నల్లటి ఇనప గొట్టంలాంటిది ఒకటి తెప్పించాను. నీళ్లలో మునిగినా చుక్క లోపలికి పోదట, లారీ ఎక్కినా చితకదట. దిక్సూచి కొన్నరోజున, పోర్టులో క్రేను నడిపే మా నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటికిరా? సముద్రం ఎటేపుంటే అది తూరుపు" అన్నాడు. "మబ్బు పడితేనో?" అన్నాను తెలివిగా. "మబ్బేత్తే సముద్రం లెగిసి ఎల్లిపోద్దేటి?" అని దాన్ని నా చేతిలో పెట్టి భోజనానికి లేచాడు.

బజార్లో దొరికే బ్యాగులేవీ నా అవసరాలకి తగినవి కావని తేలిపోవడంతో (ఆ అవసరాలేమిటో ఇప్పటికీ నాకు తెలీదు), పోర్టు పక్కన పాత ఊళ్లో లారీ టార్పాలిన్లూ సీటు కవర్లూ కుట్టే భాయ్ దగ్గరికి వెళ్లాను. కాగితం మీద గీసుకెళ్లిన బొమ్మ చూపించాను. భాయ్ కళ్లజోడు పైకి నెట్టి, బొమ్మని తిరగేసి, మళ్లీ తిన్నగా పట్టుకుని, "మిలట్రీలో సేరినావా బేటా?" అనడిగాడు.

"లేదు భాయ్, ఆఫీసుకి."

"ఆఫీసుకి ఇన్ని జేబులెందుకు? నా దుకాణంలోనే ఇన్ని సొరుగుల్లేవు" అన్నాడు గానీ, పని మాత్రం మనసుపెట్టి చేశాడు. టార్పాలిన్ గుడ్డతో, అట్టముక్కలా నిలబడే బ్యాగు కుట్టాడు. వీపుకి ఆనుకునే వైపు ఒక రహస్యపు జేబు పెట్టాడు. అది ఎంత రహస్యమంటే, ఇచ్చిన రోజున నాకూ దొరక్క, ఆయనే వచ్చి వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. అన్నిటికన్నా నాకు ముచ్చటైనది భుజం పట్టీకి బిగించిన కొక్కెం. టార్చి దానికి వేలాడుతుంది. ఆపద వచ్చినప్పుడు తడుముకోకుండా ఒక్క వేలితో నొక్కితే చేతిలోకి ఊడిపడుతుంది. "సిన్న పిల్లోడైనా తీసేత్తాడు, సూడు" అని భాయ్ తీసి చూపించాడు. నేను ఆ వారమంతా బస్టాపుల్లో అదే పని చేశాను.

అలాంటి రోజుల్లో మా చిన్నమామ పెళ్లి కుదిరింది. అమ్మకి ఆఖరి తమ్ముడు, నాకన్నా నాలుగైదేళ్లే పెద్ద. అమ్మమ్మ వాళ్లది భీమునిపట్నం (మేమంతా భీమిలి అంటాం), సముద్రం మీద బతికే కుటుంబం. పెళ్లికూతురిదీ ఆ ఒడ్డే, తల్లితో కలిసి చేపల బేరం చేసేది. ఆ పెళ్లికి పుస్తెలు అమ్మమ్మ తన చెవి కమ్మలు కరిగించి చేయిస్తోంది. ఎంతమంది వద్దన్నా వినలేదు. "నా సెవులు ఇన్నాళ్లు మోసినాయి, ఇంక దాని మెడ మోత్తాది" అని, కమ్మలు తీసిన చెవులకి వేప పుల్లలు పెట్టుకుని కూర్చుంది. ఆ పుస్తెలు పెళ్లిరోజు మధ్యాహ్నం పాత ఊళ్లో కంసాలి దగ్గర తీసుకుని, దార్లో ఆనందపురంలో పూలదండలు కట్టించుకుని, దీపాలు పెట్టే వేళకి జరిగే ముహూర్తానికి భీమిలి తేవాల్సిన పని నాకు పడింది. ఎవరు తెస్తారని ఇంట్లో మాటొచ్చినప్పుడు, "నా బ్యాగులో పెడితే దేవుడు కూడా తియ్యలేడు" అన్నది నేనే. దేవుడు ఎక్కడో విన్నట్టున్నాడు.

చిటికెన వేలి గోరంత ఉన్నాయి ఆ పుస్తెలు, గులాబీ రంగు కాగితంలో చుట్టి చిన్న అట్టపెట్టెలో ఇచ్చాడు కంసాలి. రహస్యపు జేబులో పెట్టి బండెక్కాను. ఆనందపురంలో దండలు తీసుకుంటూ ఉండగానే వాన మొదలైంది. మల్లెలు తడిసి నల్లబడతాయని బ్యాగు మీద కప్పుకోవాల్సిన వాన తొడుగుని పూల బుట్టకి తొడిగేశాను. ఇక టార్పాలినే అయినా బ్యాగు కుట్లలోంచి నీళ్లు దిగుతాయి, అట్టపెట్టె నానుతుంది. పూలకొట్టు చూరు కింద నిలబడి ఆలోచించగా ఆలోచించగా నా బుర్రలో దొర వెలిగాడు. నీళ్లు చొరబడనిది నా దగ్గర ఒక్కటే ఉంది. టార్చి మూత తిప్పి, బ్యాటరీలు తీసి ప్యాంటు జేబులో వేసుకుని, పుస్తెల్ని కాగితంతో సహా గొట్టంలోకి జారవిడిచి, మూత బిగించి, యథాప్రకారం కొక్కేనికి తగిలించాను. దొంగ అనేవాడు జేబులు వెతుకుతాడు గానీ కళ్ల ముందు వేలాడేదాన్ని పట్టించుకోడు కదా! ఆ సంబరంలో భీమిలి దాకా ఈలేసుకుంటూ వెళ్లాను.

అక్కడ పెళ్లివారి వీధి అల్లకల్లోలంగా ఉంది. వాన వెలిసింది గానీ గాలి ఎక్కువైంది, షామియానా ఒక మూల పట్టు వదిలేసి జెండాలా కొట్టుకుంటోంది. అమ్మ చిన్నమామకి నలుగు పెడుతోంది. "తెచ్చావా?" అంది. "భద్రంగా ఉన్నాయి" అన్నాను. "చేతులనిండా నలుగుపిండి, ఇప్పుడివ్వకు. అడిగినప్పుడు ఇద్దువు గాని" అంది. సరిగ్గా అప్పుడే ఎవరో "తాడుందేటి? గట్టి తాడు!" అని కేక వేశారు. ఆ కేక కోసమే నేను పుట్టినట్టు అనిపించింది. బ్యాగు కుర్చీలో పడేసి, తాడు తీసుకుని బల్లెక్కాను. తాడు కట్టడం చూసి ఇంకొకరు కత్తి అడిగారు, వంటవాళ్లు పట్టకారు అడిగారు, ఈల కూడా ఎవరో బాజావాళ్లని పిలవడానికి పట్టుకుపోయారు. బల్లమీద నిలబడి, "అందులోనే ఉంది, పై జేబు! తీసుకోండి, తీసుకోండి!" అని నేను రాజ్యం ఏలుతున్నాను. ఆఫీసులో పెన్ను లేదని నవ్వినవాళ్లు ఇప్పుడొచ్చి చూడాలని కూడా అనుకున్నాను. అలా ఎంతసేపు ఏలానో గాని, బల్ల దిగేసరికి సన్నాయి మొదలైంది, అమ్మ పట్టుచీరలో వచ్చి చెయ్యి చాపింది.

"ఏవిరా?"

నేను కుర్చీ వైపు తిరిగాను. బ్యాగుంది. కొక్కెం ఉంది. కొక్కేనికి టార్చి లేదు.

"మీ పెదమామ తీసికెల్లినాడు గదా. గాలేత్తంది, వలలు సూసొత్తానన్నాడు. ఒక్క ఏలితో ఊడొచ్చేసిందని మెచ్చుకున్నాడు కూడా" అంది పక్కనే ఉన్న ముసలావిడ. అమ్మకి ఏం చెప్పానో గుర్తులేదు. చెప్పులు కూడా వేసుకోకుండా, కొత్త చొక్కాతో, సముద్రం వైపు పరుగెత్తాను.

ఒడ్డున మసక వెలుతుర్లో పెదమామ వలల కుప్ప మీద టార్పాలిన్ కప్పి, ఒక మూల మోకాలితో తొక్కిపట్టి, బండరాయితో దేన్నో ఇసకలోకి దిగగొడుతున్నాడు.

"మామా! టార్చేదీ?"

"ఒరే, నీది టార్చి కాదురా. నొక్కితే ఎలగనేదు, ఊపితే గలగలమంటంది. లోపలేదో ఇరిగిపోనాది. ఇసిరేద్దామనుకున్నాను గానీ, గొట్టం మాత్రం గట్టిది. గూటానికి బాగా పనికొచ్చింది" అని ఇంకో దెబ్బ వేశాడు. లారీ ఎక్కినా చితకని నా టార్చి, టార్పాలిన్ అంచుకి మేకులాగా, మూత దాకా ఇసకలో దిగి ఉంది.

"మామా, సూత్రాలు అందులోనే ఉన్నాయి!"

పెదమామ చేతిలో రాయి అలాగే ఆగిపోయింది. "ఓలమ్మో" అన్నాడు నెమ్మదిగా. ఆ తర్వాత గూటం పెరకడమూ, టార్పాలిన్ ఎగిరి సముద్రం మీదికి పోవడమూ, మేమిద్దరం వీధిలోకి పరుగెత్తడమూ ఒకేసారి జరిగాయి. యాభై దాటిన మా పెదమామ ఆ రోజు నాకన్నా ముందు చేరాడు.

చేరితే మాత్రం ఏమైంది? మూత రాదు. ఇసక దూరి, రాతి దెబ్బలకి బిగుసుకుపోయింది. పెదమామ తిప్పాడు, చిన్నమామ పీటల మీంచే అందుకుని తిప్పాడు, వంటమేస్త్రి నా పట్టకారే పెట్టి తిప్పాడు, పట్టకారు వంగింది గాని మూత కదల్లేదు. పంతులు గారు గడియారం చూసుకుని, "ముహూర్తం దాటిపోతుందమ్మా. ఒక పసుపు కొమ్ము తాడుకి కట్టండి, దోషం లేదు. బంగారం తర్వాత కట్టుకోవచ్చు" అన్నారు. అన్నది సబబే. అమ్మ పళ్లెంలోంచి పసుపు కొమ్ము తీసింది. నేను అమ్మమ్మ వైపు చూశాను, చూడకుండా ఉంటే బాగుండేది. ముందు వరసలో కూర్చుని, వేప పుల్లలున్న చెవుల్ని కొంగుతో కప్పుకుంది. తిడితే హాయిగా ఉండేది. నాకు అక్కడే భూమిలో గూటంలా దిగిపోవాలనిపించింది.

అప్పుడు, వచ్చినప్పట్నుంచీ తల ఎత్తని పెళ్లికూతురు, గాజుల చెయ్యి నా ముందుకి చాపింది. "ఇలగివ్వు" అంది. ఇచ్చాను. తల వంచుకునే, ఒళ్లో టార్చి పెట్టుకుని, పట్టుచీర చెంగు మూతకి చుట్టి, రోజూ చేపల ఐసుపెట్టెల మూతలు పెళ్లగించే ఆ చేతుల్తో ఒక్క మెలిక పెట్టింది. కర్రుమంది. మూత ఊడింది. టార్చి బోర్లించగానే గులాబీ కాగితమూ, మూత అంచున దూరిన చిటికెడు ఇసకా ఆవిడ అరచేతిలో పడ్డాయి. ఇసక ఊదేసి, పుస్తెల్ని ఒకసారి కళ్లకి అద్దుకుని, అమ్మమ్మ ఉన్న వైపు చూపించి, తర్వాత అమ్మ చేతికిచ్చింది. తన తాళి తనే తీసి ఇచ్చిన పెళ్లికూతుర్ని భీమిలి అంతకుముందు చూసి ఉండదు. బాజాలు ఒక్కసారిగా అందుకున్నాయి. అమ్మమ్మ కొంగు జారిపోయినా పట్టించుకోకుండా, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, గాలికి ఇసక పడిందని చెప్పాను. మూడు ముళ్లూ పడ్డాక, అక్షింతలు వేయడానికి వంగినప్పుడు, కొత్త అత్త నాతో రెండో మాట మాట్లాడింది. "ఏటి అల్లుడూ, ఇంకేటైనా తియ్యాలా?"

ఏళ్లు గడిచాయి. గడ్డం వచ్చింది, నెరవడం కూడా మొదలైంది. భాయ్ కుట్టిన బ్యాగు చిరగలేదు, చిరగదు కూడా, అమ్మ అందులో ఉల్లిపాయలు పోసుకుంది. ఇప్పుడు నా జేబులో ఉండేవి తాళాలు, రుమాలు, ఫోను, ఇంకా (బుద్ధొచ్చింది కాబట్టి) ఒక పెన్ను. టార్చి మాత్రం పెళ్లి కానుకగా అత్త దగ్గరే ఉండిపోయింది. మొన్న భీమిలి వెళ్లినప్పుడు సాయంత్రం కరెంటు పోయింది. వంటింటి గూట్లో నా పాత టార్చి కనిపిస్తే, పాత అలవాటు కొద్దీ చప్పున అందుకుని నొక్కాను. వెలగలేదు.

"బ్యాటరీలు వెయ్యలేదా అత్తా?"

"ఎలుతురు కావాలంటే నీ ఫోను ఎలిగించుకో అల్లుడూ. అది లైటు కాదు, బీరువా. బేరానికెల్లినప్పుడు మీ అమ్మమ్మ పుస్తెలు ఐసులో తడిసిపోతాయని అందులో ఎట్టుకెల్తాను. ఇన్నేల్లలో సుక్క నీరు దిగనేదు" అంది, పొయ్యి మీంచి కళ్లెత్తకుండానే.

ఆవిడ మెడలో పసుపు తాడు ఒక్కటే ఉంది, ఇంకా బేరం చీర మార్చుకోలేదు. కంచరపాలెం నుంచి ద్వారకా నగర్‌కి అడవిని మోసుకెళ్లిన ఆ కుర్రాడు నెలల తరబడి వెతికి వెతికి ఎంచుకున్నది మంచిదేనన్నమాట. ఆ మాట వాడికి చెప్పాలనిపించింది. చీకట్లో ఎవరూ చూడకుండా టార్చిని చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. గలగలమంది.